లడ్డూ బరువు, బుజ్జిగాడి పెరుగన్నం

ప్రశ్న: మాది విజయవాడ, మూడో అంతస్తులో ఫ్లాట్. నాలుగేళ్ళ ఆడ లాబ్రడార్ ఉంది, పేరు లడ్డూ, 38 కిలోలు. రెండేళ్ళ మగ పిల్లి బుజ్జిగాడు, పిల్లప్పుడు సెల్లార్‌లో దొరికాడు. మేం శాకాహారులం, అత్తయ్యగారు వంటింట్లోకి గుడ్డు కూడా రానివ్వరు. ఇద్దరికీ పెరుగన్నం, పాలు, బిస్కెట్లే. వానలు మొదలయ్యాక లడ్డూకి గోమార్లు పట్టి జ్వరం వచ్చింది, బోలెడు ఖర్చయింది. డాక్టరుగారు నెలకు సరిపడా మాత్రలు రాశారు, వారానికే తిండి తింటోంది కాబట్టి ఆపేద్దామంటున్నారు మావారు. లడ్డూకి మెడ మీద వేసిన గోమార్ల మందు సగం మిగిలింది, అది పిల్లికి వేయొచ్చా? బుజ్జిగాడు తుమ్ముతున్నాడు, మేం వేసుకునే జ్వరం మాత్ర పావు ముక్క వేయొచ్చా? అసలు మాటిమాటికీ ఆస్పత్రికి పరిగెత్తకుండా ఇంట్లో రోజూ ఏం చూసుకోవాలో చెప్పండి. ఇంకొకటి, లడ్డూ వాకింగ్‌కి వెళ్ళినప్పుడల్లా గడ్డి తింటోంది, ఎందుకు?

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ రెండు ‘వేయొచ్చా’లకీ జవాబు: వద్దు, వద్దంటే వద్దు. ఈపాటికే వేసేసి ఉంటే ఇది చదవడం ఆపి పిల్లిని బుట్టలో పెట్టుకుని బయల్దేరండి.

జ్వరం మాత్ర అంటే మనిళ్ళలో ఉండేది పారాసిటమాలే కదా. దాన్ని విరిచి బయటకు పంపడానికి మన కాలేయంలో ఉండే ఎంజైము పిల్లి కాలేయంలో దాదాపు లేనట్టే. అందుకని మందు లోపలే విషంగా మారి, రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది. చిగుళ్ళు నీలంగానో మట్టి రంగుగానో మారతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఆయాసం వస్తుంది. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు పిల్లి ప్రాణం పోవడానికి, పావు ముక్కే కదా అనుకోవడానికి వీల్లేదు. కుక్కకు కూడా మన నొప్పుల మాత్రలేవీ మీ అంతట మీరు వేయకండి, ఐబుప్రోఫెన్ లాంటివి కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను పాడు చేస్తాయి. ఇక మెడ మీద వేసే చుక్కల మందు సంగతి. కుక్కల కోసం అమ్మే ఈ మందుల్లో చాలావాటిలో పర్మెత్రిన్ అనేది ఉంటుంది, కుక్కకు అది ఏమీ కాదు, పిల్లికి మాత్రం ఒళ్ళంతా వణుకు, ఆపైన ఫిట్స్. మిగిలిన సగం పారేయండి. లడ్డూకి వేసిన రోజు కూడా ఇద్దర్నీ వేరే గదుల్లో పడుకోబెట్టండి, పిల్లి వెళ్ళి దాన్ని ఆనుకుని పడుకున్నా, మెడ నాకినా అదే తంటా.

తుమ్ములకు మీరు చేయగలిగింది ఏమిటంటే, ముందు చూడటం. తింటున్నాడా, ఆడుతున్నాడా, కళ్ళు శుభ్రంగా ఉన్నాయా? ఉంటే రెండు మూడు రోజులు ఆగొచ్చు, మీరు వేడి నీళ్ళతో స్నానం చేసేటప్పుడు వాణ్ణి కూడా బాత్రూంలో ఓ పది నిమిషాలు కూర్చోబెడితే ఆ ఆవిరికి ముక్కు వదులవుతుంది. ముక్కు పట్టేసిన పిల్లికి తిండి వాసన తెలీదు, వాసన తెలీకపోతే పిల్లి ముట్టదు, అందుకని తిండి గోరువెచ్చగా చేసి పెట్టండి. చీమిడి చిక్కగా పచ్చగా వచ్చినా, కళ్ళు ఊసులు కట్టినా, పూర్తిగా ఒక రోజు తిండి మానేసినా ఇక ఆగకండి. కుక్క రెండు రోజులు పస్తున్నా తట్టుకుంటుంది గానీ పిల్లి అలా కాదు, అందులోనూ కాస్త ఒళ్ళున్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కొవ్వంతా వెళ్ళి కాలేయంలో పేరుకుని అదో పెద్ద జబ్బై కూర్చుంటుంది.

మీవారికి కూడా ఒక మాట. గోమార్ల జ్వరాల్లో మనదగ్గర ఎక్కువగా చూసేది ఎర్లీకియా, దానికి డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడాలి. నాలుగైదు రోజులకే కుక్క లేచి తోకాడిస్తుంది, గిన్నె నాకేస్తుంది, మనం తగ్గిపోయిందనుకుంటాం. క్రిమి మాత్రం పూర్తిగా పోదు, ఎక్కడో నక్కి ఉంటుంది, నెలల తర్వాత రక్తం తగ్గి, ముక్కులోంచి నెత్తురు కారుతూ అదే కుక్క మళ్ళీ వస్తుంది. ముప్ఫై ఏళ్ళ ప్రాక్టీసులో ఇలా మధ్యలో ఆపేసి తిరిగొచ్చినవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టలేదు గానీ, వాళ్ళకి రెండోసారి అయ్యే ఖర్చు మొదటిదానికంటే ఎప్పుడూ ఎక్కువే. మాత్రలు తిండితో కలిపి వేయండి, ఖాళీ కడుపున వేస్తే కక్కేస్తుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. రోజూ ఏం చూసుకోవాలి అంటే నేను చెప్పేది ఒకటే: చూడొద్దు, తడమండి. రాత్రి టీవీ ముందు కూర్చున్నప్పుడు ఓ ఐదు నిమిషాలు రెండు చేతులతో మొత్తం ఒళ్ళంతా, ముక్కు నుంచి తోక చివరిదాకా. బొచ్చు ఉన్న జంతువు విషయంలో కన్ను మోసం చేస్తుంది. ఇది నేను సిగ్గుపడుతూ నేర్చుకున్న పాఠం. మా ఇంట్లో పమేరియన్ ఉండేది, తెల్లగా పత్తి మూటలా. ఊళ్ళోవాళ్ళ కుక్కలన్నిటి పొట్టలూ నొక్కి చూసేవాణ్ణి, ఇంటికొస్తే మాత్రం దాని తల మీద ఓసారి నిమిరి కాళ్ళు చాపుకుని కూర్చునేవాణ్ణి. ఒకరోజు మా ఆవిడ స్నానం చేయిస్తూ, ఏమండీ ఇక్కడేదో గట్టిగా తగులుతోంది అంది. చనుకట్టు దగ్గర నిమ్మకాయంత గడ్డ. రాత్రికి రాత్రి వచ్చింది కాదది, నెలల నుంచి ఉండి ఉంటుంది. ఆపరేషన్ చేశాం, ఏడాదిన్నర బతికింది. బఠాణీ గింజంత ఉన్నప్పుడు నా చేతికి తగిలుంటే వేరే సంగతి. ఆ గడ్డలు ఎక్కువగా ఆపరేషన్ చేయించని ఆడ కుక్కలకే వస్తాయి. లడ్డూకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారో లేదో రాయలేదు మీరు. చేయించకపోతే ఈ జ్వరం పూర్తిగా తగ్గి, రక్తపరీక్ష మామూలుగా వచ్చాక చేయించండి, గర్భసంచిలో చీము పట్టే జబ్బు భయం కూడా పోతుంది. ఎదకొచ్చి వెళ్ళిన నెలా రెండు నెలల్లో నీళ్ళు తెగ తాగుతూ నీరసపడితే మాత్రం అది చీము అయ్యే అవకాశం ఉంది, ఆ రోజే తీసుకెళ్ళాలి.

తడమడం ఎలా అంటే, పై పెదవి ఎత్తి చిగురు చూడండి, లేత గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలో మళ్ళీ రంగు రావాలి. పాలిపోయిందంటే గోమార్ల జ్వరమో కడుపులో పురుగులో, ఏదైనా రక్తం తగ్గించే వ్యవహారం నడుస్తోందన్నమాట. చెవి మడత ఎత్తి వాసన చూడండి, లాబ్రడార్లకు వానాకాలంలో చెవి పుల్లటి కంపు కొట్టడం మామూలే, అప్పుడు ఇయర్ బడ్ పెట్టి తోడకండి, ఇంకా లోపలికి తోస్తారు. తర్వాత మెడ, బెల్ట్ కింద, చంకలు, పొట్ట, తొడల సందు, తోక కింద. ఆఖర్న పాదాలు, వేళ్ళ మధ్య ఒక్కొక్క సందూ విడదీసి చూడండి, గోమార్లకు అది సొంతిల్లు.

గోమార్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, మీ ఖర్చంతా అక్కడే కాబట్టి. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి అచ్చం ఆముదం గింజలా ఉంటుంది. అది మనకొక్కరికే తోచిన పోలిక కాదు, ఆముదం చెట్టు శాస్త్రీయ నామంలో ఉన్న ‘రిసినస్’ అనే లాటిన్ మాటకు అర్థం గోమారే. ఆ ఉబ్బినది కుక్క మీంచి రాలిపడి, నేల మీద ఉండకుండా గోడెక్కుతుంది. తలుపు చట్రం సందులో, స్విచ్చు బోర్డు వెనకాల, ఫొటో ఫ్రేము వెనక, పరుపు కుట్లలో దూరి వేలల్లో గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. పిల్ల గోమార్లు కుక్క ఎక్కి తాగి దిగిపోతాయి, మళ్ళీ ఎక్కుతాయి, మళ్ళీ దిగుతాయి. అంటే అవి బతికే కాలంలో ఎక్కువ భాగం మీ గోడల్లోనే గడుస్తుంది, కుక్క వాటికి హోటల్ లాంటిది. నెలల తరబడి తిండి లేకపోయినా చావవు. అందుకే ఒక్కసారి మందు వేసి, గోమార్లు పోయాయని సంబరపడితే నెల తిరిగేసరికి మళ్ళీ ప్రత్యక్షం. లడ్డూకి వరసగా కనీసం మూడు నాలుగు నెలలైనా మందు ఆగకూడదు, నిజం చెప్పాలంటే మన విజయవాడ ఎండకీ తేమకీ ఏడాది పొడుగునా వేయడమే మేలు. నెలకో మూడు నెలలకో ఒకసారి నమిలించే మాత్రలు వచ్చాయి, ఇంట్లో పిల్లి ఉన్నవాళ్ళకి అవి బాగా పనికొస్తాయి, ఎందుకంటే మందు కుక్క లోపలే ఉంటుంది, పిల్లి నాకడానికి పైన ఏమీ ఉండదు. కుక్కకు ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే మాత్రం ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

చేతికి దొరికినదాన్ని ట్వీజర్‌తో చర్మానికి ఆనుకుని పట్టుకుని తిన్నగా పైకి లాగి, సబ్బు నీళ్ళలోనో స్పిరిట్‌లోనో పడేయండి. గోళ్ళతో చిదమకండి. కిరోసిన్ రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం, నాఫ్తలీన్ ఉండలు పొడి చేసి చల్లడం ఇవన్నీ గోమారికంటే ముందు కుక్కను చంపుతాయి. గోడ సందులు సిమెంటుతోనో పుట్టీతోనో మూయించండి, లడ్డూ పడుకునే గుడ్డలు వారానికోసారి మరిగే నీళ్ళలో వేయండి.

ఇక బరువు. 38 కిలోలు అన్నారు, ఆడ లాబ్రడార్‌కి 25 నుంచి 32 దాకా ఉంటే చాలు. మీ చేతినే కొలతగా వాడండి: అరచెయ్యి కిందికి పెట్టి రెండో చేతి వేళ్ళతో చేతి వెనక వైపు రాయండి, పల్చటి చర్మం కింద ఎముకలు తెలుస్తాయి కదా, కుక్క పక్కటెముకలు అలా తెలియాలి. పిడికిలి బిగించినప్పుడు కణుపులు తగిలినట్టు తగిలితే బక్కచిక్కినట్టు. అరచేతి మీద రాసినట్టు మెత్తగా ఉంటే లావెక్కినట్టు. లడ్డూ ఎక్కడుందో నాకు ఇక్కణ్ణుంచే తెలుస్తోంది.

ముద్దుగా ఉంది కదా అంటారు చాలామంది. అమెరికాలో 48 లాబ్రడార్లను, ఒకే ఈతలో పుట్టినవాటిని జతలుగా విడదీసి, జతలో ఒకదానికి రెండోదానికంటే పాతిక శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం చూశారు. 2002లో ఫలితాలు అచ్చయ్యాయి. తక్కువ తిన్నవాటి సగటు ఆయుష్షు 13 ఏళ్ళ దాకా వచ్చింది, ఎక్కువ తిన్నవి 11 ఏళ్ళు దాటి కొంచెమే బతికాయి. కీళ్ళ నొప్పులు కూడా వీటికే ముందొచ్చాయి. కుక్క బతుకులో రెండేళ్ళంటే చిన్న సంగతి కాదమ్మా, అదీ ఏ మందూ వాడకుండా. బిస్కెట్లు ఆపేయండి, ఒక్కటి కూడా వద్దు, చెయ్యి ఊరుకోకపోతే కీరా ముక్కో పచ్చి క్యారెట్టో ఇవ్వండి, లాబ్రడార్‌కి ఏదైనా విందే. అన్నం సగానికి తగ్గించండి. పెరుగన్నం కుక్కకు విషం కాదు, కానీ అదొక్కటే పెడితే మాంసకృత్తులు ఎక్కణ్ణుంచి వస్తాయి? శాకాహారుల ఇంట్లో కుక్కను పెంచడం పిల్లిని పెంచడమంత కష్టం కాదు, పప్పు, పనీర్, సోయా లాంటివాటితో డాక్టరు సలహా మీద లెక్కగా పెడితే నెట్టుకొస్తుంది. అంత శ్రమ ఎందుకనుకుంటే ప్యాకెట్టు తిండే కొలిచి పెట్టండి, గిన్నె నింపి వదిలేయడం కాదు, కప్పుతో కొలిచి.

ఇంకో సంగతి, లడ్డూకి పండగ పూట పాయసం పెడుతుంటారా? అందులో కిస్మిస్ ఉంటుంది. ద్రాక్ష, కిస్మిస్ కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, ఎన్ని తింటే అని లెక్క లేదు, కొన్నిటికి గుప్పెడు తిన్నా ఏమీ కాదు, కొన్నిటికి నాలుగైదు చాలు. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు ఇద్దరికీ పనికిరావు, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, పిల్లికి ఇంకా త్వరగా. చాక్లెట్ సంగతి మీకు తెలిసే ఉంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు, బుజ్జిగాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందన్న సామెత పుట్టిన దగ్గర్నుంచి పిల్లి ఆహారం పాలే అని మనం ఖాయం చేసేసుకున్నాం. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. అంతకంటే పెద్ద విషయం టారిన్ అనే పదార్థం. కుక్కలు, మనుషులు దాన్ని ఒంట్లో తయారు చేసుకోగలరు. పిల్లి తనకు కావలసినంత తయారు చేసుకోలేదు, మాంసంలోంచే రావాలి, అన్నంలో, పప్పులో, కూరగాయల్లో అది ఉండదు. అది అందకపోతే మెల్లమెల్లగా చూపు పోతుంది, గుండె కండరం సాగిపోయి పల్చబడుతుంది. పిల్లుల గుండెజబ్బుకీ టారిన్‌కీ ఉన్న ఈ సంబంధాన్ని 1987లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వైద్యులు బయటపెట్టారు. ఆ తర్వాతే పిల్లుల ప్యాకెట్టు తిండిలో టారిన్ పెంచారు. వీడు రెండేళ్ళుగా పెరుగన్నం మీద ఎలా నెగ్గుకొచ్చాడా అంటే, నా అనుమానం, సెల్లార్‌లో బల్లినో ఎలుకనో పట్టి తింటూ ఉండాలి. మీకు కనపడకుండా.

అత్తయ్యగారితో గొడవ పెట్టుకోకండి. పొడి గింజల్లా ఉండే క్యాట్ ఫుడ్ కొనండి, ‘సంపూర్ణ ఆహారం’ అని ఉన్నది. కుక్కల తిండి పిల్లికి పెట్టకండి, అందులో టారిన్ సరిపోదు. డబ్బా బాల్కనీలో పెట్టి, దానికో గిన్నె, ఓ స్పూను వేరుగా ఉంచితే వంటింటి గడప తొక్కే పనే ఉండదు. ఆవిడకి నా మాటగా చెప్పండి: ఆవుకి గడ్డి ఎలాగో దీనికి మాంసం అలాగ, ఆవుకి చేపలు పెట్టం కదా. మా పెద్దమ్మగారింట్లో ఇలాగే చెప్తే ఒప్పుకుంది, ఒప్పుకోవడమే కాదు, సాయంత్రం ఆ గింజలు వేసేది కూడా తనే అయింది. ఒకేసారి మార్చకండి, వారం పది రోజులు పాత తిండిలో కొద్దికొద్దిగా కలుపుతూ పోండి. పొడి తిండి తినే పిల్లికి నీళ్ళు ఎక్కువ కావాలి, ఇంట్లో రెండు మూడు చోట్ల వెడల్పు గిన్నెల్లో పెట్టండి, తిండి గిన్నె పక్కన కాకుండా దూరంగా. వీలైతే రోజూ కొంచెం తడి తిండి కూడా.

నీళ్ళ గురించి ఇంతగా ఎందుకంటున్నానంటే వీడు మగవాడు. మగ పిల్లి మూత్రనాళం చాలా సన్నం, చిన్న ఇసుక రేణువు అడ్డం పడినా మూసుకుపోతుంది. లిట్టర్ ట్రే శుభ్రం చేసేటప్పుడు ముక్కు మూసుకుని గబగబా కానిచ్చేయకుండా మూత్రం తడికి ఎన్ని ఉండలు కట్టాయో ఒక్కసారి చూడండి. రోజూ రెండు మూడు ఉండేవి ఇవాళ ఒక్కటీ లేదు, వాడేమో మాటిమాటికీ ట్రేలోకి వెళ్ళి కూర్చుని ముక్కుతున్నాడు, అరుస్తున్నాడు అంటే మలబద్ధకం అనుకుని ఆముదం పట్టించకండి. అర్ధరాత్రైనా సరే తీసుకెళ్ళాలి. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఈ ఉత్తరంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంట్లో ఫినాయిల్‌తో తుడుస్తారా? మానేయండి. తడి నేల మీద నడిచి పిల్లి పాదాలు నాకుతుంది, ఆ రసాయనాన్ని కూడా దాని కాలేయం వదిలించుకోలేదు. మామూలు సబ్బు నీళ్ళతో తుడిచి ఆరనిస్తే చాలు.

స్నానం లడ్డూకి మూడు వారాలకోసారి చాలు, మన సబ్బులు కాకుండా కుక్కల షాంపూతో, ఆ తర్వాత వేళ్ళ సందులు పొడిగా తుడవాలి. పిల్లికి స్నానం అక్కర్లేదు, వాడి పని వాడే చూసుకుంటాడు. పళ్ళు వారానికి మూడు నాలుగు సార్లైనా వేలికి గుడ్డ చుట్టి రుద్దండి, మన పేస్టు వద్దు. నట్టల మందు మూడు నెలలకోసారి ఇద్దరికీ, బరువు చూసి.

టీకాల గురించి మీరు ఒక్క మాటా రాయలేదు, ఆ ఊసే లేకపోవడం నాకు కొంచెం టెన్షన్‌గా ఉంది. ఫ్లాట్‌లోనే ఉంటాయి కదా అంటారు. బుజ్జిగాడు సెల్లార్‌లోకి దిగుతున్నాడంటే వీధి కుక్కలతో, పిల్లులతో కలుస్తున్నట్టే, రేబిస్ పిల్లికీ వస్తుంది, పిల్లి నుంచి మనకూ వస్తుంది. ఇద్దరికీ ఏటా రేబిస్ టీకా తప్పనిసరి. లడ్డూకి దాంతోపాటు పార్వో, డిస్టెంపర్, ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ కలిసినది, వాన నీళ్ళు నిలిచే ఊళ్ళో ఇది మనుషులకూ అంటుకునే జబ్బు. పిల్లికి వేరే మూడు జబ్బుల టీకా ఉంది. ఏటా జూలై 6న జూనోసిస్ డే అని మన ప్రభుత్వ పశువుల ఆస్పత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన ఒక పిల్లవాడికి మొదటిసారి ఆ టీకా ఇచ్చాడు, అందుకని ఆ తేదీ. ఆ రోజు దాకా ఆగమని కాదు, జ్వరం మాత్రలు పూర్తయ్యాక మీ డాక్టరుగారిని అడిగి వేయించేయండి. ఆడుకుంటూ అయినా సరే పన్ను దిగినా, గోరు గీరుకున్నా కుళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట కడగండి, పసుపు, కారం, సున్నం రాయకండి, తర్వాత ఆస్పత్రి.

ఆస్పత్రి ఖర్చు అన్నారు కాబట్టి, మీకు గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, దాని ఆస్పత్రిలో కుక్కల్నీ పిల్లుల్నీ చూస్తారు. ఎక్కడ చూపించినా ఒక నోటు పుస్తకం పెట్టి బరువు, మందులు, టీకా తేదీలు రాసుకోండి. లడ్డూ బరువు నెలకోసారి మీరే తూచొచ్చు, బాత్రూం తూకం మీద దాన్ని ఎత్తుకుని నిలబడి మీ బరువు తీసేయడమే. అయితే 38 కిలోల కుక్కని ఎత్తడం మీవల్ల కాదు, ఆ పని మీవారికి అప్పజెప్పండి, మాత్రలు ఆపేద్దామన్నందుకు.

గడ్డి సంగతి మర్చిపోయాను. చాలా కుక్కలు తింటాయి, జబ్బేమీ కాదు, తిని ఒక్కోసారి కక్కుతుంది, మళ్ళీ మామూలే. పార్కులో పురుగుమందో కలుపుమందో కొట్టిన చోట మాత్రం ముట్టనివ్వకండి. రోజూ తింటూ రోజూ కక్కుతుంటే అప్పుడు రాయండి.